రెండిళ్ల దుమ్ము

కరీంనగర్,
12-6-1962

శ్రీ రామచంద్రం గారికి నమస్కారాలు.

నేనెవరో మీకు తెలియదు. ఇక్కడ మోటార్లకు తీగ చుట్టే హనుమండ్లు గారు మీ చిరునామా ఇచ్చారు. "కాగజ్‌నగర్‌ల రామచంద్రం అని ఒక మిస్త్రీ ఉన్నడమ్మా. దొరల బంగళాల్ల గిసొంటియి నడిపిండు. నాకైతె దీని మూతి యాడుందో తోక యాడుందో తెలుస్తలేదు" అన్నారు.

నేను ఆయనకు చూపించింది వాక్యూమ్ క్లీనర్. దుమ్మును పీల్చే మిషన్. నా దగ్గర అలాంటి పాతవి నాలుగున్నాయి. మొదటిది నేను చదువుకున్న సికింద్రాబాద్ కాన్వెంటుది. ప్రార్థన గదిలో తివాచీ మీద సిస్టర్ దాన్ని నడుపుతుంటే గుమ్మం దగ్గర నిలబడి చూసేదాన్ని. కొత్తది వచ్చాక దాన్ని తుక్కులో వేయబోతుంటే నాకివ్వమని అడిగాను. నేను నోరు తెరిచి ఒకరిని అడిగింది తక్కువ. పరుపు చుట్టలో పెట్టి రైల్లో ఇంటికి తెచ్చుకున్నాను. మిగతా మూడు హైదరాబాద్‌లో పాత నవాబుల దేవిడీల సామాను వేలం వేసినప్పుడు అన్నయ్యను బతిమాలి తెప్పించుకున్నవి. ఒకటి డ్రమ్ములా గుండ్రంగా ఉంటుంది. ఒకటి చిన్నది, పరదాల కోసం. ఇంకొకటి నిలువుగా ఉంటుంది. నల్లని గుడ్డసంచి, మూతికి చిన్న దీపం. మంచం కింద చీకట్లోకి తానే వెలుతురు చూపుకుంటూ పోతుంది. దాని అడుగున, ఎవరూ వంగి చూడని చోట, సన్నని బంగారు గీత ఉంది. ఎవరో కూర్చుని శ్రద్ధగా గీశారు. దాన్ని తిరగేసి ఆ గీత చూస్తూ కూర్చోవడం నాకు ఇష్టం.

నిరుడు మా ఇంటికి కరెంటు వచ్చింది. మొన్న ఎవరూ లేని మధ్యాహ్నం చూసి ఆ నిలువు మిషన్‌ను వెనక గదిలో నడిపాను. ఆ గది మట్టినేల. మా వదిన లీలాబాయి పేడతో అలికిస్తుంది. పది నిమిషాల్లో అలుకంతా పెచ్చులుగా లేచి సంచిలోకి పోయింది. కింద ఎర్రమట్టి తేలింది. తర్వాత పొగ వచ్చి మిషన్ ఆగిపోయింది. వదిన వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇల్లు ఊడ్సే మిషిన్ అంటివి గదనే సరళా! ఇల్లునే తిన్నది గదా. రేపు గోడలు గూడ అడుగుతదా?"

మోటారు లోపల ఉండే రెండు నల్లని ముక్కలు కాలి అరిగిపోయాయని హనుమండ్లు గారంటున్నారు. అవి ఎక్కడ దొరుకుతాయో దయచేసి రాయండి.

ఇట్లు,
సరళాదేవి

*

కాగజ్‌నగర్,
21-6-62

దొరసాని సరళాదేవమ్మ గారికి రామచంద్రం దండాలు.

నేను సదివింది ఉర్దూల. తెలుగు రాత పెద్దగైనంక నేర్సుకున్న. మాట్లాడినట్టే రాస్త, ఏమనుకోకుండ్రి.

మీ ఉత్తరం మా ఇంటిదానికి, కనకవ్వకు, సదివి ఇనిపిచ్చిన. అలుకు లేసిన కాడ నవ్వి నవ్వి దగ్గు వట్టింది. "దొరల ఇండ్లల్ల గూడ అలుకు నేల ఉంటదా" అన్నది. బంగళాల్ల బండలుండె, బండల మీద తివాచీలుండె. గా మిషిన్‌కు తివాచీ తెలుసు గని పేడ ఏం తెలుసు?

ఆ నల్ల ముక్కలు కార్బన్లు. కొననక్కర లేదు. టార్చిలైటు పాత సెల్లు పలగ్గొడితె నడుమ నల్ల కడ్డీ ఉంటది. దాన్ని బండ మీద అరగదీసి అదే కొలతకు చెయ్యుండ్రి. కొన్నొద్దులు నడుస్తది. సంచిని దులపకుండ్రి, తిరగేసి సన్న పుల్లతోని తట్టుండ్రి. ఇంకొకటి. మిషిన్ నడిచేటప్పుడు సప్పుడు ఇనాలె. మంచిగున్నప్పుడు బొంగురుగ ఉంటది. సప్పుడు సన్నవడ్డదంటె దానికి ఊపిరి ఆడుతలేదు, సంచి నిండిందన్నట్టు. ఎంటనే బందు చెయ్యాలె.

నేను ఇక్కడి కాయితం మిల్లు బంగళాల ఫరాష్ పని చేసిన. తివాచీలు పరుసుడు, దులుపుడు. తర్వాత మిల్లులనే ఫిట్టర్‌నైన. మీరు రాసిన నాలుగు తీర్లయి నా చేతుల మీద పోయినయ్. గని వాటికంటె పాతది ఒకటుంటది. కరెంటు లేనిది. చెక్క సందూకు మీద తోలు తిత్తి, దానికి ఒక పిడి. ఒకలు పిడి ఆడిస్తె ఇంకొకలు గొట్టం వట్టి తిప్పాలె. నేను ఆడిస్తుంటి, కనకవ్వ గొట్టం వడుతుండె. గది ఇప్పుడు నా కాడనే ఉన్నది.

రామచంద్రం

*

కరీంనగర్,
2-7-1962

రామచంద్రం గారికి నమస్కారాలు.

సెల్లు పగలగొట్టి కడ్డీని అరగదీశాను. మూడు రోజులు చేతులు నల్లగా ఉన్నాయి. మిషన్ నడిచింది. బొంగురు ఎక్కడ పోయి సన్నదనం ఎక్కడ మొదలవుతుందో మీరు చెప్పినట్టే విన్నాను.

మీరు రాసిన చేతి మిషన్ బొమ్మ ఒకసారి కాన్వెంటు లైబ్రరీలో పెద్ద పుస్తకంలో చూశాను. ఇద్దరు స్త్రీలు నడుపుతుంటారు. ఆ పేజీ ఎన్నిసార్లు తెరిచానో, పుస్తకం దానంతట అదే అక్కడ విచ్చుకునేది. నిజంగా అది మన జిల్లాల్లో ఒకటి ఉందంటే నమ్మలేకపోతున్నాను. దాన్ని నాకు అమ్ముతారా? మీరెంత చెబితే అంత.

నన్ను దొరసాని అనకండి. నేను ఆడపిల్లల బడిలో పుస్తకాల బీరువాలు చూసుకునే మనిషిని.

సరళాదేవి

*

కాగజ్‌నగర్,
11-7-62

సరళాదేవమ్మ గారికి దండాలు.

ఆ మిషిన్ ఇప్పుడు పనికొచ్చే తీరుగ లేదు. ఎలుకలు తోలు కొరికినయ్. చెక్కకు చెదలు వట్టింది. మీరు మనసుల పెట్టుకోకుండ్రి. కార్బన్లు మళ్ల అరిగితె రాయుండ్రి.

రామచంద్రం

*

కరీంనగర్,
20-7-1962

రామచంద్రం గారికి నమస్కారాలు.

ఎలుకలు కొరికినా పర్వాలేదు. చెదలు పట్టినా పర్వాలేదు. ఇక్కడ చెప్పులు కుట్టే గంగయ్య తోలు అతుకుతానన్నాడు. మా అన్నయ్య విద్యాసాగర్‌రావు పత్తి పని మీద వారానికోసారి జమ్మికుంట వెళతాడు. అక్కడి నుండి రైలెక్కి కాగజ్‌నగర్ రావడం కష్టం కాదు. వచ్చే నెల అన్నయ్యను పంపిస్తాను. మీరు ఉన్నది ఉన్నట్టు ఇచ్చేస్తే చాలు.

ఇంతగా అడుగుతున్నందుకు సిగ్గుగానే ఉంది. ఎదురుగా అయితే అడగలేకపోయేదాన్ని.

సరళాదేవి

*

కాగజ్‌నగర్,
3-8-62

సరళమ్మకు రామచంద్రం రాసేది.

అన్నయ్యను పంపకు తల్లీ. నేను అబద్ధం రాసిన. ఎలుకలు కొరకలే. చెదలు పట్టలే. ఏటా దసరాకు ఆముదం రాస్త, పసుపు కుంకుమ పెడ్త. పద్నాలుగేండ్ల బొట్లున్నయ్ దాని మీద.

అది నాది కాదు. గందుకే అమ్మ.

మిల్లుల హార్పర్ దొర అని ఇంజనీరుండె. మిషిన్ దొరసానమ్మది. ఆమె అత్తగారు ఇచ్చిందట. పోలీసు యాక్షన్‌కు రెండు నెలల ముంగట, ఊర్లన్ని ఆగమాగమున్నప్పుడు, వాళ్లు బొంబాయికి బయలెల్లిండ్రు. రైల్ల కూసునెతందుకే జాగ లేదు, గింత పెద్ద సందూకు ఎట్ల పట్టాలె? స్టేషన్ల దొరసానమ్మ నా చెయ్యి వట్టుకొని "రామచంద్రం, యే అమానత్ హై" అన్నది. మళ్ల వస్తమన్నది. చీటీ మీద ఇంగ్లండు పత్తా రాసిచ్చింది. ఆ చీటీ పొగాకు డబ్బల దాసిన.

అమానత్ అంటె ఏందో నీకు చెప్పనక్కర లేదు. ఒకలు నమ్మి పెట్టిపోయింది. అమ్మరాదు, ఇయ్యరాదు, వాడుకోరాదు. మా ఇంట్ల గుంటమగ్గముంది. కనకవ్వ నేస్తది. దూదినూగు ఎగిరి ఆమెకు దగ్గు. ఒక్కసారి అడిగింది, "గా మిషిన్‌తోని జర మగ్గం గుంట గుంజుతవా" అని. నేను ఒప్పుకోలే. ఆ తర్వాత అడగలే. సంచిల ఆ ఇంటి దుమ్ము గూడ అట్లనే ఉన్నది. పారబోయలే. అది గూడ వాళ్లదే గదా.

మిల్లు గుమాస్తాతోని ఇంగ్లీషుల రాయిద్దామంటె భయం. మిషిన్ మిల్లుదని గుంజుకపోతె? నీకు ఇంగ్లీషు వస్తది. నువ్వు మిషిన్లను ఇష్టపడే పిల్లవు. దొరసానమ్మకు ఒక జాబు రాస్తవా? రామచంద్రం ఇంక ఉన్నడు, మిషిన్ మంచిగున్నది, ఏం చెయ్యుమంటరు అని. నాకు అరవై దాటినయ్. నేను పోతె పాత సామాను కొనే కబాడోడు తీసుకపోతడని ఫికరైతుంది.

చీటీల ఉన్నది ఉన్నట్టు కింద బొమ్మ లెక్క గీసిన. చూసుకో.

రామచంద్రం

*

కరీంనగర్,
18-8-1962

రామచంద్రం గారికి నమస్కారాలు.

మూడుసార్లు రాసి చింపి, నాలుగోసారి రాసిన ఉత్తరం ఈ రోజు ఇంగ్లండుకు పోస్టు చేశాను. అందులో దసరా బొట్ల గురించి రాశాను. దుమ్ము పారబోయలేదని రాశాను. వారికి పాప ఒకతె ఉండేదని హనుమండ్లు గారు విన్నారట, ఆమె కుశలం అడిగాను.

మిషన్ అమ్మమని ఇక అడగను. అడిగినందుకు మన్నించండి.

సరళాదేవి

*

కరీంనగర్,
9-11-1962

రామచంద్రం గారికి, కనకవ్వ గారికి నమస్కారాలు.

ఇంగ్లండు నుండి జవాబు వచ్చింది. సరిహద్దులో యుద్ధం వల్ల టపా ఆలస్యమైనట్టుంది. దాని సారాంశం తెలుగులో రాస్తున్నాను.

దొరసానమ్మ గారికి మీరు బాగా గుర్తున్నారు. మీరిద్దరూ కలిసి తివాచీ శుభ్రం చేసే తీరు తమ ఊళ్ళో అందరికీ చెబుతుంటారట. ఇన్నేళ్ళు కాపాడినందుకు మీకు రుణపడి ఉన్నామని రాశారు. ఆ యంత్రం ఇక మీదే. మీ ఇష్టం వచ్చినట్టు వాడుకోమన్నారు.

సరళాదేవి

*

కాగజ్‌నగర్,
24-11-62

మా సరళమ్మకు రామచంద్రం, కనకవ్వ దీవెనలు.

నీ ఉత్తరం ఎన్నిసార్లు సదివిన్నో లెక్క లేదు. కాయితం మడత కాడ చినిగింది. కనకవ్వ పరమాన్నం వండి వాడకు పంచింది. అందరు వచ్చి "ఏందే పండుగ" అంటె, "మా అమానత్ తీరింది" అన్నది.

మొన్న ఆదివారం మిషిన్ బయటికి తీసినం. పద్నాలుగేండ్లకు. నేను పిడి వట్టిన, ఆమె గొట్టం వట్టింది. ఎనుకటి లెక్కనే. వాడోళ్లంత గుమ్మం కాడ నిలవడ్డరు. పక్కింటి లచ్చయ్య "రామచంద్రం, అది దుమ్ము గుంజుతుందా, నీ పాణం గుంజుతుందా" అని ఎక్కిరిచ్చిండు. మొదలు తోలు బిగుసుకొని ఆడలే. ఆడంగ ఆడంగ కదిలింది. మగ్గం గుంటల నూగంత గుంజింది. ముప్పై ఏండ్ల నూగు! నీ అలుకు లెక్కనే మా అలుకు గూడ నాలుగు పెచ్చులు లేసింది. నేను వద్దన్నా కనకవ్వ గొట్టం ఇడువలే. రెండు రోజులైంది, దగ్గు తక్కువున్నదంటుంది.

ఇగ ఒక ముచ్చట. మిషిన్ నాదైంది గనక నేను ఎవలికైనా ఇయ్యొచ్చు. నా పాణం ఉన్నంత వరకు మా కాడ, ఆ తర్వాత నీది. కనకవ్వ గదే అన్నది. నువ్వు ఇగ అడగనన్నా ఇస్తున్నం.

నేను నిర్మల్ పోయి దొరసానమ్మకు చెక్కపండ్ల బుట్ట తెచ్చిన. మామిడిపండు చూస్తె కొరకబుద్ది అయితది. వాళ్ల బిడ్డ రోజీ బాబాకు చెక్కగుర్రం. రెండు నీకు పార్సిలు చేసిన. జర ఇంగ్లండుకు పంపు. దొరసానమ్మ రాసిన అసలు కాయితం గూడ నాకు పంపు తల్లీ. సదువరాకున్నా సరే. మా వాడల పటాలు కట్టే దశరథం దాన్ని అద్దం కట్టి ఇస్తనన్నడు.

రామచంద్రం

*

కరీంనగర్,
3-12-1962

రామచంద్రం గారికి,

మీ పార్సిలు అందింది. నాలుగు రోజులుగా అది నా బల్ల మీద ఉంది. విప్పలేదు.

నేను మీకు రాసిన సారాంశం నేనే అల్లింది. ఆ మాటలేవీ ఆ ఉత్తరంలో లేవు. అసలు కాయితం దీనితో పంపుతున్నాను. అక్షరం మార్చకుండా దాని అర్థం ఇది:

'మీ ఉత్తరం అందింది. మా అమ్మ మూడేళ్ళ క్రితం చనిపోయారు. నాన్న అంతకు ముందే పోయారు. ఇండియాలో ఉన్నప్పుడు నాకు ఆరేళ్ళు. మీరు చెప్పిన యంత్రం నాకు గుర్తు లేదు. మీరు చెప్పిన మనిషి పేరు కూడా అమ్మ నోట విన్నట్టు లేదు. ఇప్పటికి అది పాత సామానే అయి ఉంటుంది. పారవేయమని ఆయనకు చెప్పండి. రోజ్ హార్పర్.'

అంతే ఉంది.

పద్నాలుగు బొట్లకు జవాబు 'పారవేయండి' అని నా చేత్తో రాయలేకపోయాను. ఒక మంచి మాట రాస్తే ఎవరికి నష్టం అనుకున్నాను. నా లాభం చూసుకోలేదు. కానీ మీ ఉత్తరంలో మిషన్ నాకు ఇస్తానన్నారు. నా అబద్ధం మీద మీరు నాకు ఆ మిషన్ ఇస్తున్నారు. నాకు అది ఎంత కావాలో మీకు తెలుసు. అందుకే తీసుకోలేను.

నేను అల్లిన ఆ మాటలతోనే ఇంగ్లీషులో అచ్చం అలాంటి ఉత్తరం ఇంకొకటి నేను రాయగలను. మీరు అద్దం కట్టించుకునేవారు. కలం తీశాను కూడా. మళ్ళీ పెట్టేశాను.

పండ్ల బుట్టను ఎవరికి పంపాలి?

సరళాదేవి

*

కరీంనగర్,
14-1-1963

రామచంద్రం గారికి నమస్కారాలు.

మీ నుండి జవాబు లేదు. నేను అడగడానికి నాకు హక్కు లేదు. కనకవ్వ గారి దగ్గు ఎలా ఉందో ఒక్క ముక్క ఎవరితోనైనా రాయించండి. పార్సిలు జాగ్రత్తగా ఉంది.

సరళాదేవి

*

కాగజ్‌నగర్,
10-2-63

సరళాదేవి గారికి రామచంద్రం రాసేది.

మీ ఉత్తరం వచ్చిన్నాడే కనకవ్వ నెత్తి మీద నీళ్లు పోసుకున్నది. నేను పోసుకున్న. దొరసానమ్మకు దీపం పెట్టినం. మూడేండ్ల కింది సావు. మనిషి పోయిన కబురు కార్తీకంల మీ చేతికి వచ్చింది. మీరు దాసిండ్రు. ఆ కబురు మీద మేము పరమాన్నం తిన్నం. వాడకు పంచినం. నాకు కోపమొచ్చింది గందుకు. దొరసానమ్మ నన్ను మెచ్చుకున్న మాట అబద్ధమైనందుకు కాదు.

ఇంకొకటి. అమానత్ వాడినం. వాడరాదని పద్నాలుగేండ్లు కనకవ్వ నోరు మూసిన. మీ మాట నమ్మి వాడిన. ఆ సంతోషంల సంచిల పాత దుమ్ము తీసి వేరే మూట కట్టుడు మర్సిన. ఇప్పుడు ఆ ఇంటి దుమ్ము మా ఇంటి నూగు ఒక్కటైనయ్. కూసుండి ఏరుదామని చూసిన. ఏరరాదు. గందుకే రెండు నెలలు నేను ఏం రాయలే.

కనకవ్వ రోజు ఒకటే అంటది. "ఆ పిల్ల చెప్పకపోతె నీకు తెలుస్తుండెనా?" తెల్వకపోవు. కాయితం అద్దంల పెట్టుకొని సస్తుంటి. "మిషిన్ తనకే వస్తుందని తెల్సినంకనే నిజం చెప్పింది. దాసుకుంటె తనకే లాభముండె" అంటది. గది నిజమే. నేను గూడ ఎలుకలు కొరికినయని రాసిన. అబద్ధం ముంగట ఆడింది నేనే.

రోజీ బాబాను ఏం అనకుండ్రి. ఆరేండ్ల పిల్లకు ఏం యాదుంటది? నేను పిడి ఆడిస్తుంటె ఆ సందూకు మీద గుర్రం ఎక్కినట్టు ఎక్కి కూసుంటుండె. "జోర్‌సే, జోర్‌సే" అని, ఇంక గట్టిగ ఆడించుమని ఒర్లుతుండె. దొరసానమ్మ కోపం చేస్తె నా ఎనుక దాగుతుండె. ఆమెకు యాది లేకపోతె ఏమాయె, నాకున్నది. పారెయ్యుమన్నది అంటె ఇచ్చినట్టు కాదు. అది తెల్వక అన్న మాట. తల్లి పెట్టిన అమానత్ బిడ్డది. బిడ్డకు తెలిసేదాక ఎవలన్న ఒకలు ఉంచాలె.

పిడి ఆడించుడు ఇగ నాతోని అయితలేదు. కొడుకులు లేరు. ఇక్కడ దాన్ని చూసుకునేటోళ్లు లేరు. సామాను మీద ఇష్టమున్నోళ్లు మస్తుంటరు. చేతికొచ్చేది చూసి గూడ "నాది కాదు" అన్నోళ్లు నాకు ఒక్కలే కనవడ్డరు.

గందుకు మిషిన్ మీ కాడికి పంపుతున్న. ఇస్తలేను. అమానత్ పెడుతున్న. రెండు షరతులు. ఒకటి, నేను చేసిన తప్పు చెయ్యకుండ్రి. వాడకుండ పెడితె తోలు బిగుసుకుంటది. నెలకొక్కసారి ఆడించాలె. రెండు, ఒక్కలే ఆడించొద్దు. ఒక చేతితోని పిడి, ఒక చేతితోని గొట్టం అని తిప్పలు వడితె తిత్తి చినుగుతది. ఇంకొక మనిషిని పిలువాలె. మీకు నోరు తెరిచి అడుగుడు కష్టమని నాకు తెలుసు. అయినా అడగాలె.

జమ్మికుంట స్టేషన్‌కు పార్సిలు చేసిన. మీ అన్నయ్యను తీసుకొమ్మనుండ్రి. అందినట్టు రసీదు రాసి పంపుండ్రి. దొరసానమ్మకు నేను రసీదు ఇయ్యలే. రైలు కదిలింది.

గుర్రం రోజీ బాబాకు పంపు బిడ్డా. పండ్ల బుట్ట నీ నాలుగు మిషిన్ల కాడ పెట్టుకో. కనకవ్వ దగ్గు మళ్ల మొదలైంది గని మునుపటంత లేదు.

రామచంద్రం

*

కరీంనగర్,
5-3-1963

రామచంద్రం కాకాకు, కనకవ్వ చిన్నమ్మకు నమస్కారాలు.

మిషన్ క్షేమంగా చేరింది. అన్నయ్య జమ్మికుంట నుండి పత్తి బండి మీద తెచ్చాడు. సందూకు నిండా పత్తి అంటుకుంది. "దుమ్ము గుంజే మిషిన్‌కు దుమ్ము దులుపుడు నా తలరాతల ఉన్నది" అని గొణుక్కుంటూ తన కండువాతోనే తుడిచాడు. పద్నాలుగు బొట్లు లెక్కపెట్టాను. పదిహేనోది మీరు పోయిన దసరాకు పెట్టినట్టున్నారు, ఇంకా ఎర్రగా ఉంది.

మూడు రోజులు దాని చుట్టూ తిరిగాను. మూత మీద చెయ్యి వేశాను, తీశాను. నాలుగో రోజు వంటింటి గుమ్మం దాకా వెళ్ళి తిరిగి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను.

"వదినా, జర ఒక చెయ్యి వేస్తవా?" అన్నాను.

వదిన చేతిలో గరిటె అలాగే ఉంది. "ఈ ఇంటికి నేను కోడలుగ వచ్చి తొమ్మిదేండ్లాయె. నువ్వు నన్ను ఒక పని అడుగుడు ఇదే మొదలు" అంది. గరిటె పెట్టి వచ్చింది. మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "ఇది గూడ అలుకు తింటదా?" అంది. తింటుందన్నాను. "అయితె హాలుల బండల మీదికి పట్టు" అని తానే ఒక పక్క ఎత్తింది.

తను పిడి పట్టింది. నేను గొట్టం పట్టాను. దాని చప్పుడు కరెంటు మిషన్లలా లేదు. నిద్రలో ఉన్న మనిషి ఊపిరిలా ఉంది. కాసేపటికి వదిన "మెల్లగ తిప్పవే, నా చెయ్యి గుంజుతున్నది" అంది. మళ్ళీ తనే "అగో, ఆ మూలకు" అంది. వచ్చే నెల మొదటి ఆదివారం మళ్ళీ నడపాలని తనే చెప్పింది.

రోజ్ గారికి గుర్రాన్ని పోస్టు చేశాను. మీరు రాసిన 'జోర్‌సే' మాటను, సందూకు మీద ఆమె ఎక్కి కూర్చోవడాన్ని ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టాను. ఒక్క మాట కలపలేదు. జవాబు వస్తే వచ్చిన కాయితమే మీకు పంపుతాను.

మీరడిగిన రసీదు కింద రాస్తున్నాను.

రసీదు

కీర్తిశేషులైన హార్పర్ దొరసానమ్మ గారు 1948లో కాగజ్‌నగర్ స్టేషన్‌లో రామచంద్రం గారి వద్ద పెట్టిన అమానత్, ఆయన చేతి మీదుగా ఈ దినం నాకు ముట్టినది.

చెక్క సందూకు, తోలు తిత్తి, పిడితో సహా: ఒకటి.
గొట్టం, ఇత్తడి మూతితో: ఒకటి.
దుమ్ము, గుడ్డసంచిలో ఉన్నది: ఒక సంచి. రెండిళ్లది. వేరు చేయరానిది. హాలు ఊడ్చే ముందు దీన్ని తీసి విడిగా మూట కట్టి, సందూకులోనే ఉంచాను.

పై సామాను నాది కాదు. హక్కుదారులు అడిగిన రోజు ఇవ్వగలను. అడిగేదాకా, నెలకొకసారి, ఇద్దరం కలిసి ఆడించగలం.

సరళాదేవి
సాక్షి: లీలాబాయి